కంప్లైంటు, గ్రీవెన్సు, పితూరీ

గోడు చెప్పుకోవటానికి ఇంగ్లీషువాడి దగ్గర బోలెడు మాటలున్నాయి. కంప్లైంట్, గ్రీవెన్స్, ప్రొటెస్ట్, పిటిషన్, అబ్జెక్షన్, గ్రంబుల్, గ్రౌజ్, వైన్, నాగ్... ఇంకా వెతికితే ఇంకో పది దొరుకుతాయి. మన సాఫ్ట్‌వేర్ ఆఫీసుల్లో మాత్రం ఇవన్నీ కలిపి రెండే: కంప్లైంట్, ఇష్యూ. తర్వాత మూడోది చేరింది, దాని పేరు కన్సర్న్. ఏదైతేనేం, విషయం అర్థమైతే చాలు కదా అని మనలో చాలామంది అనుకుంటాం.

అక్కడే ఉంది తిరకాసు. ఈ మాటలు మన బాధ ఎంతో చెప్పటంతో ఆగవు. అది విన్నవాడు తర్వాత ఏం చెయ్యాలో కూడా చెబుతాయి. ఒక మాటకి జవాబు ఇచ్చి తీరాలి, ఇంకోదానికి విచారణ జరపాలి, మరోదానికి "అలాగా, పాపం" అంటే సరిపోతుంది. అందుకే మన బాధకి పేరెవరు పెడతారు అన్నది పెద్ద విషయం. అది మనం పెట్టుకోకపోతే అవతలివాడు పెడతాడు, అదీ తనకి చవకలో తేలిపోయే పేరు చూసి మరీ పెడతాడు. ఇదేదో నా పైత్యం అనుకోకండి, దీనికి మన గుంటూరు జిల్లా చరిత్రే సాక్ష్యం. అక్కడికి వెళ్ళేముందు మాటల సంగతి కాస్త చూద్దాం.

కంప్లైన్ అనే మాట లాటిన్‌లో 'ప్లాంగెరె' నుంచి వచ్చింది. దానర్థం కొట్టుకోవటం, గుండెలు బాదుకోవటం. మనం "నెత్తీ నోరూ కొట్టుకున్నా వినలేదు" అంటామే, సరిగ్గా అదే! కోర్టులో దావా వేసిన 'ప్లెయింటిఫ్' కూడా ఈ కుదురు నుంచే పుట్టాడు. అంటే మూలంలో కంప్లైంట్‌కి అవతల ఒక నేరస్థుడు ఉండక్కర్లేదు, నొప్పి ఉంటే చాలు. ఇప్పటికీ ఆసుపత్రి కాగితాల మీద 'చీఫ్ కంప్లైంట్' అని రాసి దాని పక్కన "మూడు రోజులుగా జ్వరం" అని రాస్తారు. జ్వరం ఎవరి మీదా ఆరోపణ కాదు కదా.

గ్రీవెన్స్ అలా కాదు. దాని మూలం 'గ్రావిస్', అంటే బరువు. బరువు దానంతటది నెత్తి మీదకి ఎక్కదు, ఎవరో ఎత్తాలి. అంచేత గ్రీవెన్స్ అన్నప్పుడు "నాకు అన్యాయం జరిగింది, చేసినవాడున్నాడు, దాన్ని దించాల్సినవాడూ ఉన్నాడు" అనే మూడు సంగతులూ అందులో ఇమిడి ఉంటాయి. ఇంకో తేడా ఏమిటంటే గ్రీవెన్స్ అనేది మన దగ్గర ఉండేది, కంప్లైంట్ అనేది మనం చేసేది. నోరు విప్పకపోయినా గ్రీవెన్స్ ఉంటుంది. నోరు విప్పితేనే కంప్లైంట్.

పిటిషన్ అంటే కాగితం. అడగటం, కోరటం అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి వచ్చింది. 1791లో అమెరికా రాజ్యాంగానికి మొదటి సవరణ చేసినప్పుడు గ్రీవెన్సులు తీర్చమని ప్రభుత్వానికి పిటిషన్ పెట్టుకునే హక్కు రాసుకున్నారు. ఆ వాక్యంలో రెండు మాటలూ ఉన్నాయి, ఎవరి పని వారిదే: గ్రీవెన్స్ కడుపులో ఉన్న బాధ, పిటిషన్ చేతిలో ఉన్న కాగితం.

ప్రొటెస్ట్ అనగానే మనకి జెండాలు, రాస్తారోకోలు గుర్తొస్తాయి. కానీ ఆ మాటకి అసలు అర్థం నలుగురి ముందూ సాక్ష్యం చెప్పటం. పన్ను 'అండర్ ప్రొటెస్ట్' కట్టాను అంటే, "కడుతున్నాను గానీ ఒప్పుకుని కాదు, ఈ సంగతి రాసిపెట్టుకోండి" అని. 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టంలో కూడా చెల్లని బిల్లు మీద నోటరీ ఇచ్చే ధ్రువపత్రాన్ని ప్రొటెస్ట్ అనే అంటారు. గొడవా లేదు, గోలా లేదు, ఉన్నదంతా సాక్ష్యమే. ఇక అబ్జెక్షన్ సాధారణంగా పని జరగకముందో, జరుగుతుండగానో అడ్డుపడటం. పని అయిపోయాక చెప్పుకునేది కంప్లైంట్. మనవాళ్ళు చాలాసార్లు అబ్జెక్షన్ చెప్పాల్సిన రోజున ఊరుకుని, కంప్లైంట్ రోజున రెచ్చిపోతారు!

మిగిలినవి చిన్నా చితకా. గ్రంబుల్ అంటే గొణుగుడు, సణుగుడు. గ్రౌజ్ అనేది పంతొమ్మిదో శతాబ్దంలో బ్రిటిష్ సిపాయిల బారకాసుల్లోంచి వచ్చిన యాస మాట. వైన్ అంటే పాత ఇంగ్లీషులో బాణం గాల్లో పోయేటప్పుడు చేసే చప్పుడు. నాగ్ మూలం కొరకటం, మనం "బుర్ర తినేస్తున్నాడు" అన్నట్టే. ఈ నాలుగింటికీ ఒక పోలిక ఉంది. వీటిని ఎవరూ తన గురించి తను వాడుకోడు. "నేను వైన్ చేస్తున్నాను" అని ఎవరంటారు? అవి పక్కవాడు మనకి పెట్టే పేర్లు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

ఇప్పుడు తెలుగుకొద్దాం. మనకేం తక్కువ? మాది కొల్లిపర. మా వైపు ఇళ్ళల్లో వినబడేవే ఒక జాబితా అవుతాయి. గొణుగుడు, సణుగుడు, నస, సాధింపు, దెప్పిపొడుపు, ఏకరువు పెట్టటం, గోడు వెళ్ళబోసుకోవటం, చాడీలు చెప్పటం, మొరపెట్టుకోవటం. అరుగు దిగి ఆఫీసు మెట్లెక్కితే మాటలు మారిపోతాయి: అర్జీ, దరఖాస్తు, మహజరు, ఫిర్యాదు. ఇంట్లో మాటలు చాలావరకు మన సొంతం. ఆఫీసు మాటలన్నీ నవాబుల కచేరీ నుంచి వచ్చిన అరబ్బీ, పారశీక మాటలు. అంటే బాధ మన భాషలోనే పడ్డాం గానీ దాన్ని దొర ముందు పెట్టాలంటే దొర భాష కావాల్సొచ్చింది. మొదట పారశీకం, తర్వాత ఇంగ్లీషు. తమాషా ఏంటంటే ఫిర్యాదు అనే మాటకి పారశీకంలో అసలు అర్థం ఆక్రందన, కేక. అంటే అచ్చం మన మొరే. కచేరీ మెట్లెక్కేసరికి ఆ కేక కాస్తా కాగితమైపోయింది.

ఈ జాబితాలో నాకు బాగా ఇష్టమైనది పితూరీ. "వాడు అమ్మ దగ్గరకెళ్ళి పితూరీలు చెబుతాడు" అంటాం. చిన్నపిల్లల వ్యవహారం. కానీ అదే మాట చరిత్ర పుస్తకంలో ఎక్కడుందో చూడండి: రంప పితూరీ! గోదావరి ఏజెన్సీలో 1879లో లేచిన తిరుగుబాటుకి సర్కారు కాగితాల్లో ఉన్న పేరది. అల్లూరి సీతారామరాజు 1922లో మొదలుపెట్టిన పోరాటాన్నీ ఆ రికార్డుల్లో పితూరీ అనే రాశారు. అమ్మ దగ్గర చెప్పే చాడీకీ, పోలీసు స్టేషన్ల మీద దాడికీ మన భాషలో ఒకటే మాట.

ఇదేదో యాదృచ్ఛికం అని వదిలెయ్యొచ్చు. నాకు మాత్రం అందులో లోతు కనబడుతుంది. 1879లో రంప కొండల్లో ఏం జరిగింది? ఇంటి అవసరానికి కల్లు గీసుకోవటం అక్కడివాళ్ళకి తరతరాల అలవాటు. దాని మీద సర్కారు ఆబ్కారీ కౌలు పెట్టింది. మరోపక్క మునసబుదారు తన వంతుగా చిగురుపన్ను పిండుకునేవాడు. తిరుగుబాటు లేచాక సర్కారు విచారణ జరిపించి, మునసబుదారు పాలన అన్యాయంగా ఉందని ఒప్పుకుని అతన్ని తప్పించింది. అంటే గ్రీవెన్స్ నిజమే అని చివరికి తేలింది. తేలటానికి మాత్రం ముందు తుపాకులు పేలాల్సొచ్చింది. చిన్న పితూరీ వినేవాడు లేనప్పుడు పెద్ద పితూరీ పుడుతుంది.

సరే, కొండల్లో అలా జరిగింది, మైదానంలో చదువూ కాగితం ఉన్నచోట ఎలా ఉండేది? కృష్ణ ఒడ్డునున్న మా ఊరినే తీసుకోండి. 1859లో గుంటూరు జిల్లాని రద్దు చేసి కృష్ణా జిల్లాలో కలిపేశారు. కలెక్టరు ఉండేది మచిలీపట్నంలో. 1904లో గుంటూరు మళ్ళీ జిల్లా అయ్యేదాకా, అంటే 45 ఏళ్ళు, కొల్లిపర రైతు కలెక్టరుని చూడాలంటే కృష్ణ దాటి బందరు దాకా పోవాలి. పోయి చెప్పుకునేది తహసీలుదారు మీదో, కరణం మీదో అయితే, తిరిగొచ్చి మళ్ళీ ఆ కరణం ఎదురుగానే బతకాలి. ఇన్ని చూసుకుని చాలామంది అరుగు మీద గొణుక్కుని ఊరుకుని ఉంటారు. పై అధికారికి ఏ కాగితమూ రాకపోతే ఆయన "జిల్లా ప్రశాంతం" అని రాసుకుంటాడు. టికెట్లు రాలేదు కాబట్టి ప్రొడక్షన్‌లో బగ్గుల్లేవు అనుకునే మేనేజర్లు మనకి కొత్తా?

ఈ దూరాన్ని ఒక తెలుగువాడు వేరే పద్ధతిలో దాటాడు. ఆయన గాజుల లక్ష్మీనరసు చెట్టి (1806-1868), మద్రాసు వర్తకుడు. 1844లో 'క్రెసెంట్' అనే ఇంగ్లీషు పత్రిక పెట్టాడు, 1852లో మద్రాసు నేటివ్ అసోసియేషన్ స్థాపించాడు. అదే ఏడాది ఆ సంఘం తరఫున నేరుగా లండన్‌లో పార్లమెంటుకే పిటిషన్ పంపారు. అందులో ఉన్న ఒక ఆరోపణ ఏమిటంటే, శిస్తు వసూలు కోసం రైతుల్ని చిత్రహింసలు పెడుతున్నారని. వేళ్ళని చెక్కల మధ్య పెట్టి నొక్కే కిట్టి, మండుటెండలో వంగబెట్టి కట్టేయటం లాంటివి. డాన్బీ సేమూర్ అనే పార్లమెంటు సభ్యుడు 1853లో మద్రాసు వచ్చాడు. చెట్టి ఆయన్ని జిల్లాల్లో తిప్పి రైతుల చేతే చెప్పించాడు. 1854లో కామన్స్ సభలో గొడవ రేగింది, విచారణ సంఘం వేశారు, 1855లో రిపోర్టు వచ్చింది. చిత్రహింసలు నిజమే అని ఒప్పుకుంది. కాకపోతే తప్పంతా కింది దేశీయ ఉద్యోగుల మీదకి తోసేసి, ఇంగ్లీషు దొరలకి మచ్చ అంటకుండా చూసుకుంది. ఇలాంటి రూట్ కాజ్ అనాలిసిస్ రిపోర్టులు మనం కూడా చూశాం లెండి. ఆ రిపోర్టునే ఆధారం చేసుకుని 1857లో కార్ల్ మార్క్స్ న్యూయార్క్ ట్రిబ్యూన్‌లో వ్యాసం రాశాడు.

ఇక్కడ చెట్టి చేసింది ఏమిటి? ఊళ్ళల్లో అప్పటిదాకా ఉన్నది మొర. ఎవరి మొర వాళ్ళది, ఎక్కడిదక్కడే ఆరిపోయేది. దాన్ని ఆయన పిటిషన్ చేశాడు. అంటే నలుగురి పేరుతో, ఫలానా అధికారానికి, ఫలానా అన్యాయం అని రాసి, జవాబు చెప్పి తీరాల్సిన చోట పెట్టాడు. బాధ పాతదే. పేరూ, చిరునామా మారాయి. ఆ కాస్త మార్పే విచారణ సంఘాన్ని తెప్పించింది.

ఇప్పుడు అసలు కథ, చీరాల-పేరాల. అప్పట్లో చీరాల గుంటూరు జిల్లా బాపట్ల తాలూకాలో ఉండేది (1970లో ప్రకాశంలోకి పోయింది, 2022లో బాపట్ల జిల్లాలోకి వచ్చింది). తెనాలిలో మద్రాసు వైపు రైలెక్కితే బాపట్ల దాటాక తగులుతుంది. ఎక్కువమంది నేతపనివాళ్ళు, చిన్న వ్యాపారులు. జనాభా సుమారు 15 వేలు. 1919లో మద్రాసు ప్రభుత్వం చీరాలనీ పక్కనున్న పేరాలనీ కలిపి మునిసిపాలిటీ చేసింది. అప్పటిదాకా ఉన్నది యూనియన్, దానికి పన్ను తక్కువ. మునిసిపాలిటీ అంటే పన్ను ఎన్నో రెట్లు పెరుగుతుంది.

జనం మొదట చేసిన పని అబ్జెక్షన్. మాకు మునిసిపాలిటీ వద్దు, భరించలేం అని అర్జీలు పెట్టుకున్నారు. వినలేదు. మునిసిపాలిటీ వచ్చేసింది కాబట్టి ఇక అబ్జెక్షన్‌కి అర్థం లేదు, అది గ్రీవెన్స్ అయింది. దాన్నీ పట్టించుకోలేదు. తర్వాత మెట్టు ప్రొటెస్ట్: ఎన్నికైన కౌన్సిలర్లు రాజీనామా చేశారు, జనం పన్ను కట్టటం మానేశారు. సర్కారు కేసులు పెట్టి జైలుకి పంపింది. అలా వెళ్ళినవాళ్ళలో రావూరి అలివేలమ్మ అనే ఆమె కూడా ఉంది. ఇదంతా ఎవరి హయాంలో? స్థానిక స్వపరిపాలన శాఖ 1920 చివరి నుంచీ మన తెలుగువాడైన పానగల్లు రాజా చేతిలో ఉంది. శాఖ పేరేమో స్వపరిపాలన, జనం ఏమో మాకీ పరిపాలన వద్దు మొర్రో అంటున్నారు!

ఈ ఉద్యమానికి నాయకుడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య. ఎడింబరోలో ఎం.ఏ. చదివొచ్చినవాడు. ఆనంద కుమారస్వామితో కలిసి నందికేశ్వరుడి అభినయ దర్పణాన్ని ఇంగ్లీషులోకి తెచ్చినవాడు (అది 1917లో అచ్చయింది). రామదండు అనే వాలంటీర్ల దళాన్ని నడిపినవాడు. అంటే ఇంగ్లీషు మాటల తేడాలు ఆయనకి ఒకరు చెప్పక్కర్లేదు. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో బెజవాడలో కాంగ్రెస్ కమిటీ సమావేశాలు జరిగాయి. ఆ తర్వాత గాంధీ చీరాల వచ్చాడు. ఆయన రెండు దారులు చూపించాడు. ఒకటి, అహింసగా పన్ను నిరాకరించి వచ్చే కష్టాలు పడటం. రెండోది, మునిసిపాలిటీ సరిహద్దు దాటి అవతలికి వెళ్ళిపోవటం. మనుషులే లేని ఊళ్ళో మునిసిపాలిటీ దేని మీద పన్ను వేస్తుంది?

చీరాల రెండో దారి పట్టింది. 13 వేలమంది దాకా ఇళ్ళు వదిలేసి, ఊరి బయట పాకలు వేసుకుని, దానికి రామనగర్ అని పేరు పెట్టుకుని ఉన్నారు. ఎన్నాళ్ళు? పదకొండు నెలలు. అందులో ఒక ఎండాకాలం ఉంది, ఒక వానాకాలం ఉంది. పసిపిల్లలున్నారు, ముసలివాళ్ళున్నారు, మగ్గం కదిలితే తప్ప పూట గడవని ఇళ్ళున్నాయి. ఒక్కసారి ఊహించుకోండి, ఒక ఊరు ఊరంతా లేచి పక్కన కూర్చోవటం.

దీన్ని ఏ మాటతో పిలుస్తారు? ఇంగ్లీషు జాబితాలో దీనికి మాట లేదు. ఇది అడగటం దాటిపోయింది. "మీరు వినేవాళ్ళు కాదని మాకు అర్థమైంది కాబట్టి ఇక చెప్పం" అనటం. సరిగా చూస్తే ప్రొటెస్ట్ అనే మాటకి ఉన్న పాత అర్థం, నలుగురి ముందూ సాక్ష్యం, దీనికే నప్పుతుంది. ఖాళీ ఊరే ఆ సాక్ష్యం.

సర్కారు మాత్రం దానికి వేరే పేరు పెట్టింది. వాళ్ళ దృష్టిలో ఇది నాన్-కోఆపరేషన్ వాళ్ళు రెచ్చగొట్టిన అలజడి. గ్రీవెన్స్ అని ఒప్పుకుంటే తీర్చాల్సిన బాధ్యత తనది. అలజడి అంటే అణచాల్సిన పని పోలీసులది. అదీ కిటుకు! గోపాలకృష్ణయ్యని 1921లోనే బరంపురంలో అరెస్టు చేసి ఏడాది జైలు వేశారు. డబ్బులు లేవు, నాయకుడు లేడు. 1922 మొదట్లో జనం వెనక్కి వచ్చేశారు, మునిసిపాలిటీ అప్పటికి అలాగే నిలిచింది. గోపాలకృష్ణయ్య 1928లో, నలభై ఏళ్ళు నిండకుండానే పోయాడు.

ఓడిపోయారా అంటే, ఆ రోజుకి ఓడిపోయారు. కానీ వాళ్ళు పక్కన కూర్చోవటానికి ముందు ఎన్ని మెట్లున్నాయో లెక్కపెట్టండి. అబ్జెక్షన్, పిటిషన్, గ్రీవెన్స్, రాజీనామా, పన్ను నిరాకరణ. ప్రతి మెట్టు దగ్గరా సర్కారుకి తక్కువ ఖర్చులో సర్దుకునే అవకాశం ఉంది. ప్రతిసారీ దాన్ని కింది మెట్టు పేరుతో పిలిచి పక్కన పెట్టింది. పిటిషన్ వస్తే గొణుగుడు అనుకుంది, గ్రీవెన్స్ వస్తే అలజడి అనుకుంది. బాధని చిన్న పేరుతో పిలిచినంత మాత్రాన అది చిన్నదైపోదు. పేరు చిన్నదయ్యేకొద్దీ బాధపడేవాడు గొంతు పెంచుతాడు, అంతే.

ఇవన్నీ వందేళ్ళ కిందటి మాటలు, ఇప్పుడెందుకు అంటారా? ఇప్పటి సంగతి చూద్దాం.

మన పోలీసు స్టేషన్ల దగ్గర వినబడే మాట ఒకటుంది: "కంప్లైంట్ తీసుకున్నారు గానీ కేసు కట్టలేదు". ఇది మామూలు వాక్యంలా ఉంటుంది కానీ అందులో పెద్ద మెలికుంది. చట్టం ప్రకారం కంప్లైంట్ అనేది మేజిస్ట్రేటు దగ్గర చేసుకునేది. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో అలాగే ఉంది, దాని స్థానంలో 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోనూ అలాగే ఉంది. స్టేషన్లో మనం ఇచ్చేది చట్టం భాషలో 'ఇన్ఫర్మేషన్'. ఎఫ్ఐఆర్‌లో ఐ అంటే అదే. పోలీసు నేరుగా దర్యాప్తు చెయ్యగల నేరం ఆ ఇన్ఫర్మేషన్లో కనబడితే ఎఫ్ఐఆర్ కట్టి తీరాలని 2013లో లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. అంటే పొడిగా కనబడే ఆ ఇన్ఫర్మేషన్ అనే మాటకి దమ్ముంది. స్టేషన్లో ఒక కాగితం తీసుకుని బల్ల సొరుగులో పెట్టి, దానికి కంప్లైంట్ అని పేరు పెడితే మాత్రం ఏమీ జరగకపోవచ్చు.

ఇంకోటి మన ఆఫీసులకి సంబంధించింది. పని చేసేచోట లైంగిక వేధింపుల మీద 2013లో వచ్చిన చట్టంలో బాధితురాలిని 'అగ్రీవ్డ్ ఉమన్' అన్నారు. అందులో ఉన్నది గ్రీవెన్సే. ఆమె మూడు నెలల లోపు రాసివ్వాల్సిన దాన్ని కంప్లైంట్ అన్నారు. చూశారా, రెండు మాటలూ వేరువేరు చోట్ల ఎంత కచ్చితంగా ఉన్నాయో. అన్యాయం జరిగిన క్షణం నుంచీ ఆమె అగ్రీవ్డ్. రాసిచ్చిన క్షణం నుంచీ కంపెనీకి గడియారం మొదలవుతుంది, 90 రోజుల్లో విచారణ పూర్తి చెయ్యాలి. రాసివ్వకుండా క్యాంటీన్లో స్నేహితురాలికి చెప్పుకుంటే గ్రీవెన్స్ ఎంత నిజమైనా గడియారం కదలదు. అలాగే 2021 ఐటీ రూల్స్ ప్రకారం సోషల్ మీడియా కంపెనీలు గ్రీవెన్స్ ఆఫీసరుని పెట్టాలి, 24 గంటల్లో అందింది అని చెప్పాలి, మామూలుగా 7 రోజుల్లో తేల్చాలి (2026 సవరణకి ముందు 15 రోజులు ఉండేది). ఆ సైట్ల మీదే మనం రోజూ గంటలు గంటలు సణుగుతాం, దానికి ఏ గడువూ లేదు!

ఇక మన కలెక్టరేట్లు. ప్రతి సోమవారం జనం దగ్గర అర్జీలు తీసుకునే కార్యక్రమం ఉంటుంది. మా వైపు దాన్ని "గ్రీవెన్స్" అనే అంటారు. ఇంగ్లీషు ముక్క రాని రైతు కూడా "సోమవారం గ్రీవెన్స్‌కెళ్ళొచ్చా" అంటాడు. మనవాళ్ళ నోట్లో అది వారంలో ఒక రోజుకి పేరైపోయింది. ప్రభుత్వాలు మారినప్పుడల్లా పేర్లు మారాయి: ప్రజావాణి, మీకోసం, 2019లో స్పందన, 2024లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక. ఈ చివరి పేరుని జాగ్రత్తగా చూడండి. ఇంగ్లీషులో అది పబ్లిక్ గ్రీవెన్స్ రిడ్రెసల్. తెలుగులోకి వచ్చేసరికి గ్రీవెన్స్ కాస్తా 'సమస్య' అయింది. గ్రీవెన్స్‌కి కర్త ఉంటాడు, సమస్యకి ఉండడు. నా పొలం నా పేరున ఎక్కలేదు అంటే ఎవరో ఎక్కించలేదు అని అర్థం. 'భూ సమస్య' అంటే అదేదో అల్పపీడనం లాగా దానంతటదే వచ్చినట్టు. కావాలని చేశారని నేననను, 'సమస్య' వాడుకలో ఉన్న తేలిక మాట కాబట్టి పెట్టి ఉంటారు. ఆ తేలికలో కర్త జారిపోయాడని మాత్రం అంటాను.

మన ఐటీవాళ్ళం ఇందులో ఇంకా ముదుర్లం. నేను పూర్వం పనిచేసిన ఒకచోట రాత్రి షిఫ్టు క్యాబులు వేళకి రాక ఆడపిల్లలు అర్ధరాత్రి గేటు దగ్గర నిలబడాల్సొచ్చేది. వాళ్ళు కలిసి మెయిల్ పెట్టారు, సబ్జెక్టు లైన్లో కంప్లైంట్ అనే ఉంది. జవాబులో దాన్ని కన్సర్న్ అన్నారు. మూడో మెయిల్‌కి ఫీడ్‌బ్యాక్ అయింది. "మీ విలువైన ఫీడ్‌బ్యాక్‌కి ధన్యవాదాలు" అని ముగించేశారు. వారం రోజుల్లో ఒక అన్యాయం ఒక సలహాగా మారిపోయింది, ఎవరూ ఒక్క అబద్ధం కూడా ఆడలేదు. వాళ్ళలో ఒకమ్మాయి తెలివైంది. నాలుగో మెయిల్లో పాత సబ్జెక్టు లైన్ మళ్ళీ పెట్టి, తేదీలూ టైములూ రాసి, "ఇది ఫీడ్‌బ్యాక్ కాదు, గ్రీవెన్స్ పాలసీ కింద ఇస్తున్న కంప్లైంట్" అని ఒక్క వాక్యం చేర్చింది. ఆ తర్వాత వారంలో క్యాబులు గేటు ముందు వరసకట్టాయి.

కాబట్టి ఈసారి మెయిల్ రాసేముందు ఒక్క నిమిషం ఆగి చూసుకోండి. పని ఇంకా జరగలేదా? అయితే అబ్జెక్షన్ ఇప్పుడే చెప్పండి. జరిగి, చేసినవాడు ఎవరో తెలుసా? అది గ్రీవెన్స్, కర్తని జారిపోనివ్వకండి. పై నిర్ణయానికి తల వంచక తప్పట్లేదా? వంచండి, కానీ ఒప్పుకోవట్లేదని రాతలో పెట్టండి, అదే ప్రొటెస్ట్. ఇవేమీ కాక ఉత్తినే ఉక్రోషంగా ఉందా? శుభ్రంగా టీ తాగుతూ సణుక్కోండి, తప్పేం లేదు, దానికీ భాషలో చోటుంది.

మనలో చాలామందిమి ఇప్పుడు మెయిల్ రాసే చోటునే కాదు, అందుకునే చోటున కూడా ఉన్నాం. లీడులం, మేనేజర్లం, అపార్టుమెంటు సంఘాల సెక్రటరీలం. ఎవరైనా మన దగ్గరకొచ్చి ఏదైనా చెప్పుకున్నప్పుడు మన నోట్లోకి మొదట వచ్చే మాట "వీడికెప్పుడూ ఏడుపే". మన దగ్గర అధికారం ఉంది కాబట్టి ఆ పేరు వాడికి అతుక్కుపోతుంది. చీరాల జనం మీదా అలాంటి పేర్లే పడ్డాయి. పదకొండు నెలలు పాకల్లో ఉండి వాళ్ళు చెప్పింది, మొదటి అర్జీలో రాసిందే.